గోడ బయటి జార్: బోరిస్ గొడునోవ్ వెంట ఆరు రోజులు

ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. బూట్లకు అంటిన రష్యా మట్టి, ఊగ్లిచ్ అనే ఊరిది, ఇంకా దులపలేదు. మర్చిపోకముందే రాసిపెట్టుకోవాలని కూర్చున్నాను.

రష్యా చరిత్ర చదివేటప్పుడు మనం భయంకర ఇవాన్ దగ్గర్నుంచి పీటర్ చక్రవర్తి దగ్గరికి ఒక్క గెంతులో వెళ్ళిపోతాం. ఆ గెంతు కింద పడిపోయిన మనిషి బోరిస్ గొడునోవ్. రాజవంశంలో పుట్టలేదు. 1598లో సభ కూర్చుని ఎన్నుకుంటే జార్ అయ్యాడు. ఏడేళ్ళు ఏలాడు. పోయిన రెండు నెలలకే అతని వంశం గద్దె మీద లేకుండా పోయింది. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో చరిత్ర చెప్పాను. ఈ మనిషి గురించి దొరికినంత చదివాను కానీ, నడిచిన చోట్లు చూడలేదు. మా మేనల్లుడు అక్కడే వైద్యం చదువుతున్నాడు, భాష వచ్చు. "మామయ్యా, సెప్టెంబర్లో రా, చలి ముదరకముందే తిప్పుతా" అన్నాడు. వెళ్ళాను.

డబ్బు సంగతి ముందే చెబుతాను. మన బ్యాంకు కార్డులు అక్కడ పనిచెయ్యవు. నగదు తీసుకెళ్ళి మార్చుకోవాలి. మేం వెళ్ళినప్పుడు రూబుల్ విలువ రూపాయికి పిసరంత ఎక్కువ. కాబట్టి ఇక్కడ రాసిన ధరలన్నీ రూపాయలుగానే చదువుకోవచ్చు.

సెప్టెంబర్ 11, గురువారం, మాస్కో

పొద్దున్నే క్రెమ్లిన్ దగ్గరికి వెళ్తే టికెట్ కిటికీలు మూసి ఉన్నాయి. అక్కడి మ్యూజియాలకు గురువారం సెలవు. ముందు చూసుకోకపోవడం నా తప్పే. అయితే ఆ తప్పు వల్ల యాత్ర సరైన చోట మొదలైంది. మెట్రో ఎక్కి స్పోర్తివ్నయా స్టేషన్లో దిగి, నొవొదేవిచీ అనే సన్యాసినుల మఠానికి నడిచాం. బోరిస్ జార్ అయింది అక్కడే.

ఎర్రగోడలు, తెల్లరాతి కిరీటాల్లాంటి బురుజులు, కింద చెరువు. చెరువు గట్టున ఒక ముసలావిడ బాతులకు రొట్టె తుంచి వేస్తోంది. మేనల్లుడు పలకరిస్తే తలూపిందంతే. రష్యావాళ్ళు తెలియనివాళ్ళను చూసి నవ్వరు, ముందు కాస్త బిగుసుకునే ఉంటారు. లోపలికి దారి అడిగేసరికి మాత్రం రొట్టె సంచి పక్కన పెట్టి, మలుపు దాకా వచ్చి చూపించి వెళ్ళింది.

ఈ గోడల మధ్య 1598 జనవరిలో ఇరీనా వచ్చి సన్యాసం పుచ్చుకుంది. బోరిస్ చెల్లెలు, జార్ ఫ్యోదర్ భార్య. ఫ్యోదర్ భయంకర ఇవాన్ కొడుకే గాని మెత్తనివాడు, ప్రార్థనలూ గంటలూ తప్ప రాజ్యం పట్టని మనిషి. 1584లో తండ్రి పోయిన దగ్గర్నుంచి 14 ఏళ్ళు పేరుకు అతను జార్, పని చేసింది బావమరిది బోరిస్. ఆ కాలంలోనే వోల్గా మీద సమారా, సరాతోవ్, త్సరీత్సిన్ కోటలు లేచాయి. 1589లో మాస్కోకు సొంత పాట్రియార్క్, అంటే చర్చి పెద్ద, వచ్చాడు. అంతదాకా రష్యా చర్చి పేరుకు కాన్‌స్టాంటినోపుల్ కింద ఉండేది. స్వీడన్‌తో యుద్ధం 1595లో సంధితో ముగిసి, పోయిన ఊళ్ళు తిరిగొచ్చాయి. వీటి వెనక ఉన్న చెయ్యి అతనిదే.

ఫ్యోదర్‌కు పిల్లలు మిగల్లేదు. ఏడు వందల ఏళ్ళుగా ఏలిన రూరిక్ వంశం అతనితో ఆగిపోయింది. చెల్లెలితోపాటు బోరిస్ ఇక్కడికొచ్చి కూర్చున్నాడు. పదవి ఇస్తామంటే వద్దన్నాడు. మళ్ళీ అడిగారు, మళ్ళీ వద్దన్నాడు. ఫిబ్రవరి 21న పాట్రియార్క్ యోవ్ దేవుడి పటాలు మోయించుకుని, జనాన్ని వెంటబెట్టుకుని ఈ గేటు దగ్గరికి వచ్చాక ఒప్పుకున్నాడు. జనాన్ని బలవంతాన తోలుకొచ్చి ఏడిపించారని గిట్టనివాళ్ళు తర్వాత రాశారు. కొంత నిజం ఉండొచ్చు. కానీ నెత్తిన వంశం నీడ లేని మనిషికి నలుగురి నోటా అనిపించుకోవడం తప్ప వేరే దిక్కేముంది? ఎన్నిసార్లు అడిగితే అంత గట్టి పడుతుందనుకున్నాడు.

ఇరీనా గదులని పిలిచే కట్టడం గోడ పక్కనే ఉంది. కిటికీలు చిన్నవి. మహారాణిగా బతికిన మనిషి ఆ కిటికీల్లోంచి అన్న పట్టాభిషేకాన్ని ఊహించుకుని ఉంటుంది. 1603లో, అన్న ఇంకా సింహాసనం మీద ఉండగానే, పోయింది. ఆ తర్వాత జరిగింది చూడలేదు.

మధ్యాహ్నం మెట్రో దగ్గరి స్తొలోవయాలో తిన్నాం. మన మెస్సు లాంటిది. పళ్ళెం పట్టుకుని వరసలో జరుగుతూ కావలసింది పెట్టించుకోవాలి. క్యాబేజీ చారు, దాని మీద గరిటెడు స్మెతనా. గడ్డ పెరుగుకి మీగడ కలిపినట్టుంటుంది, పులుపు తక్కువ. గ్రెచ్కా అనే గోధుమరంగు గింజల అన్నం, ఎండుపళ్ళ కంపోత్. అన్నిట్లోనూ సోయకూర. ఇద్దరికీ కలిపి 940. నాకు నచ్చింది. ఆకలి బాగా తీర్చే తిండి.

సెప్టెంబర్ 12, శుక్రవారం, క్రెమ్లిన్

కథీడ్రల్ చౌక్‌లో నిలబడి తల ఎత్తితే ఇవాన్ వెలీకీ గంటల గోపురం. 81 మీటర్లు. కింది అంతస్తులు 1508 నాటివి, పై భాగం బోరిస్ 1600లో లేపించాడు. బంగారు గుమ్మటం కింద మూడు వరసల్లో బంగారు అక్షరాలు. మేనల్లుడు ఫోన్ కెమెరాతో దగ్గరికి లాగి, పాత స్లావిక్ లిపిలో కూడబలుక్కుంటూ చదివాడు. జార్ బోరిస్ ఫ్యోదరోవిచ్ ఆజ్ఞతో, అతని కొడుకు ఫ్యోదర్ బోరిసోవిచ్ పేరుతో, ఏలుబడి రెండో ఏట పూర్తయిందని ఉంది. తండ్రి పేరు పక్కన కొడుకు పేరు. పదకొండేళ్ళ పిల్లవాడు. వంశం నిలబెట్టాలన్న ఆత్రం ఆ రెండు పేర్లలో కనబడుతుంది. అతని తర్వాత వచ్చినవాళ్ళు ఆ రాతను చెరిపేయించారు. పీటర్ కాలంలో మళ్ళీ రాయించారు.

మా పక్కన ఒక గైడు, ఈ గోపురం కరువులో జనానికి పని చూపించడానికి కట్టించాడని చెబుతున్నాడు. ఆ మాట చాలాచోట్ల వింటాం. కానీ రెండో ఏడు అని రాసి ఉంది కదా, కరువు మొదలైంది 1601లో. కరువు పనులు పెట్టించిన మాట నిజమే, ఈ గోపురం మాత్రం మంచి రోజుల్లో కట్టింది. నాకు ఈ తేడా ముఖ్యం. గోపురం లేపుతున్నప్పుడు అతనికి ముందున్నదేమిటో తెలియదు.

తన ఏలుబడిలోనే 18 మంది కుర్రాళ్ళను చదువుకు పరదేశాలకు పంపాడు. ఇంగ్లండుకు వెళ్ళిన నలుగురిలో ఒకడు అక్కడే ఉండిపోయి, ఆంగ్లికన్ చర్చిలో పాదిరీ అయ్యాడు. పంపినవాళ్ళు తిరిగొచ్చి ఏదైనా చెయ్యడానికి వెనక దేశం నిలబడి ఉండాలిగా. పీటర్ వందేళ్ళ తర్వాత చేసిన పనికి విత్తనం ఇక్కడుంది. మేనల్లుడు ఈ సంగతి విని చాలాసేపు మాట్లాడలేదు. పరాయి దేశంలో చదువుతున్నవాడు.

పక్కనే అర్ఖాంగెల్ కథీడ్రల్. రాజుల సమాధులు వరసగా, మధ్యలో నడవడానికి సందు మాత్రం ఉంది. భయంకర ఇవాన్ సమాధి తెర వెనక, మామూలు జనానికి కనబడదు. ఒక స్తంభం దగ్గర తెల్లరాతి చెక్కడపు మంటపం, దాని కింద దిమిత్రీ. ఇవాన్ చివరి భార్య మరియా నగాయాకు పుట్టిన కొడుకు, ఎనిమిదేళ్ళకే ఊగ్లిచ్‌లో పోయినవాడు. ఇప్పుడు చర్చి లెక్కలో పుణ్యపురుషుడు. ఒకామె చిన్నపిల్లను ఎత్తుకుని మంటపానికి ముద్దు పెట్టించింది.

బోరిస్‌ను కూడా 1605 ఏప్రిల్లో ఇక్కడే, రాజుల మధ్యే పూడ్చారు. రెండు నెలలు ఉన్నాడు. తర్వాత తవ్వి తీసి, ఒక పేద మఠానికి మోసుకెళ్ళారు. అతని చోటు ఎక్కడుండేదో అని నేల వైపు చూస్తూ తిరిగాను. గుర్తు ఏమీ లేదు.

సెప్టెంబర్ 13, శనివారం, సెర్గియెవ్ పొసాద్

యారొస్లావ్‌స్కీ స్టేషన్ నుంచి లోకల్ రైలు. గంటన్నర ప్రయాణం, టికెట్టు 300 లోపే. రైల్లో ఒకడు సూదులూ దారాలూ అమ్ముకుంటూ పోయాడు, వెనకే ఇంకొకడు గిటారు వాయిస్తూ వచ్చాడు. మన పాసింజరు బండిలో కూర్చున్నట్టే అనిపించింది.

స్టేషన్ బయట పూలమ్మే ఆవిడ దగ్గర ఆగాం. ఎర్ర కార్నేషన్ పూలు చూపించి మూడిమ్మన్నాను. ఆవిడ మేనల్లుణ్ణి ఏదో అడిగింది. వాడు నా వైపు తిరిగి, "బతికున్నవాళ్ళకా, పోయినవాళ్ళకా అంటోంది మామయ్యా" అన్నాడు. బతికున్నవాళ్ళకు బేసి సంఖ్యలో ఇస్తారట, పోయినవాళ్ళకు సరి సంఖ్యలో. సమాధికని చెప్పాం. ఎంతమంది అంది. నలుగురు అన్నాం. నాలుగు పూలు ఏరి, కాగితం చుట్టి, రిబ్బను కట్టకుండా ఇచ్చింది. 400 అయింది.

లావ్రా మఠం లోపలికి డబ్బులు తీసుకోరు. ఆడవాళ్ళంతా తలకు గుడ్డ కట్టుకున్నారు. మఠం స్థాపించిన సెర్గియస్ సమాధి ఉన్న ట్రోయిత్స్కీ కథీడ్రల్లో దీపాల వెలుగు తప్ప ఏమీ లేదు. వరసలో జనం ఒక్కొక్క అడుగే జరుగుతూ, సన్నగా ఒకే పాట పాడుతున్నారు. ఎవరో మొదలెడతారు, ఎవరో అందుకుంటారు. మన భజనలో లాగే. నలభై నిమిషాలు ఆ వరసలో నిలబడ్డాను. కాళ్ళనొప్పి తెలియలేదు.

బయటికొచ్చి ఉస్పెన్‌స్కీ కథీడ్రల్ దగ్గరికి వెళ్ళాం. నీలం గుమ్మటాలు, వాటి మీద బంగారు చుక్కలు. దాని గోడ బయట, మూల మీద, తెల్లటి పొట్టి కట్టడం. జనం దాని పక్కనుంచి నీళ్ళ బావి వైపు సీసాలు పట్టుకుని పోతున్నారు. చూసేవాళ్ళు తక్కువ. అదే గొడునోవుల సమాధి. బోరిస్, భార్య మరియా, కొడుకు ఫ్యోదర్, కూతురు క్సేనియా.

నాలుగు పూలూ పెట్టాను. ఏం చెయ్యాలో తోచక కాసేపు అక్కడే రాతి అంచున కూర్చున్నాను.

ఈ మఠంలో అబ్రామీ పలీత్సిన్ అనే భాండాగారి ఉండేవాడు. ఆ కాలం గురించి రాసిపెట్టినవాళ్ళలో ముఖ్యుడు. పట్టాభిషేకం రోజున బోరిస్ తన రాజ్యంలో పేదవాడు ఉండడని మాటిచ్చి, చొక్కా మెడ పట్టుకుని, ఇది కూడా పంచుకుంటానన్నాడని రాసింది అతనే. మూడేళ్ళు తిరగకుండా దేవుడు ఆ మాటను పరీక్ష పెట్టాడు. 1601 వేసవి పది వారాలు వానే, ఆగస్టులోనే మంచు పడింది. చేలు పచ్చిగానే మాడిపోయాయి. మరుసటి ఏడు కూడా అంతే. ఆ పై ఏడూ కరువు తీరలేదు. భూమికి అవతలి వైపు పెరూలో 1600 ఫిబ్రవరిలో హుయానాపుతినా అనే అగ్నిపర్వతం పేలి, ఆ గంధకపు పొగ ఆకాశంలో కమ్ముకోవడమే కారణమని ఇప్పటి శాస్త్రజ్ఞులు అంటున్నారు. అప్పటివాళ్ళకు పెరూ తెలియదు. దొంగ జార్ వల్లే దేవుడికి కోపం వచ్చిందనుకున్నారు.

బోరిస్ గాదెలు తెరిపించాడు. మాస్కోలో రోజూ డబ్బులు పంచాడు. పంచుతున్నారని తెలిసి ఊళ్ళ నుంచి జనం నడిచొచ్చారు, దారుల్లోనూ వీధుల్లోనూ కూలిపోయారు. రెండేళ్ళ నాలుగు నెలల్లో మాస్కోలో మూడు పెద్ద గోతుల్లో పూడ్చినవాళ్ళు 1,27,000 మంది అని పలీత్సిన్ లెక్క. మా గుంటూరు సీమలో 1832-33 నాటి నందన కరువు మాట మా నాయనమ్మ ఎత్తితే, అన్నం మెతుకు నేల మీద పడనిచ్చేది కాదు. ఆమె చూసింది కాదది, ఆమె నాయనమ్మ చూసిందీ కాకపోవచ్చు. అయినా ఇంట్లో ఉండిపోయింది. అలాంటిదే ఈ దేశంలోనూ ఉండిపోయి ఉంటుంది.

నేను బోరిస్‌ను వెనకేసుకొస్తున్నాననుకోవద్దు. యజమానిని వదిలి పారిపోయిన రైతును ఐదేళ్ళదాకా వెతికి పట్టి తెచ్చుకోవచ్చని 1597లో వచ్చిన శాసనం అతని చేతిలో పాలన ఉన్నప్పటిదే. తర్వాత రెండున్నర శతాబ్దాల వెట్టికి అది ఒక మెట్టు. రాజయ్యాక చాడీలు చెప్పే నౌకర్లకు బహుమతులిచ్చాడు. రొమనోవ్ కుటుంబాన్ని మంత్రాలు చేశారన్న నెపంతో చెల్లాచెదురు చేసి, పెద్దవాడైన ఫ్యోదర్ నికీతిచ్‌కు బలవంతాన గుండు కొట్టించి సన్యాసిని చేశాడు. అతని భార్యనూ అంతే. వాళ్ళకో చిన్న కొడుకు ఉన్నాడు, మిఖయిల్. వాడి సంగతి కొస్ట్రొమాలో.

క్సేనియా గురించి ఒక్క మాట. పెళ్ళాడడానికి డెన్మార్క్ నుంచి వచ్చిన రాకుమారుడు 1602లో మాస్కోలోనే జబ్బుచేసి పోయాడు. తండ్రి పోయాక, తల్లినీ తమ్ముణ్ణీ చంపాక, ఆమెను చంపలేదు. నేనే దిమిత్రీని, చావలేదంటూ వచ్చి గద్దెనెక్కిన మాయ దిమిత్రీ ఉంచుకున్నాడు, తర్వాత సన్యాసినిని చేసి పంపేశాడు. 1608 నుంచి పోలెండు సేనలు ఈ మఠాన్ని 16 నెలలు ముట్టడించినప్పుడు ఆమె ఈ గోడల లోపలే ఉంది. 1622లో పోయింది. అమ్మానాన్నల పక్కనే పడుకోబెట్టమని కోరుకుంది. ఈ రాయి కింద తన ఇష్టంతో చేరింది ఆమె ఒక్కతే.

మఠం బేకరీలో పిరొష్కీలు, అంటే క్యాబేజీ కూరిన రొట్టెలు, వేడివేడిగా. ఒక్కోటి 80. క్వాస్ సీసా ఒకటి. పులిసిన రొట్టె వాసన, మన తరవాణి నీళ్ళు తాగినవాళ్ళకు కొత్తగా ఉండదు.

సెప్టెంబర్ 14, ఆదివారం, ఊగ్లిచ్ దారి

ఊగ్లిచ్‌కు కారు మాట్లాడుకున్నాం, 6,000. డ్రైవరు నలభై ఐదేళ్ళ మనిషి, గంటసేపు ఒక్క మాట లేదు. ఎందుకెళ్తున్నారని అప్పుడు అడిగాడు. చెప్పాం. "దిమిత్రీని బోరిసే చంపించాడు, అందరికీ తెలిసిందే" అన్నాడు. ఆ తర్వాత సీటు కింద నుంచి సంచి తీసి, తన తోటలోవని అంతోనొవ్కా ఆపిళ్ళు ఇచ్చాడు. పుల్లగా, మంచి వాసనతో ఉన్నాయి. కల్యాజిన్ దగ్గర, అడగకుండానే ఒడ్డుకు తీసుకెళ్ళి ఆపాడు. నీళ్ళ మధ్య ఒంటరిగా గంటల గోపురం. ఊగ్లిచ్ ఆనకట్ట కట్టినప్పుడు పాత ఊరు మునిగి, గోపురం మిగిలింది. అతని తాతల ఇల్లు ఆ నీళ్ళ కిందే ఉందట. డబ్బులు లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

బస ఒక పాత చెక్క ఇంట్లో, గది 2,800. ఇల్లుగల ఆవిడకు డెబ్బై దాటి ఉంటాయి. గుమ్మం అవతల నుంచే నేను చెయ్యి చాపితే వెనక్కి తగ్గి, లోపలికి రమ్మని సైగ చేసి అప్పుడు చెయ్యి కలిపింది. గుమ్మం మీదుగా చెయ్యి కలపరు, కీడంటారు. గడప తొక్కొద్దని మా అమ్మ కసిరేది గుర్తొచ్చింది.

వోల్గా ఒడ్డుకు బయలుదేరి దారి తప్పాం. ఎర్ర చర్చికని వెళ్ళి, మూడు కోసు శిఖరాలున్న తెల్ల చర్చి ముందు తేలాం. దాని పేరే దీవ్నయా, అంటే అద్భుతం. 1628 నాటిది. పోలెండు సేనలు ఊరిని ఊచకోత కోసినప్పుడు పోయినవాళ్ళ జ్ఞాపకంగా కట్టారు. బోరిస్ పోయాక గద్దె కోసం పడిన చిక్కుముడి విప్పడానికి రష్యాకు ఎనిమిదేళ్ళు పట్టింది, ఇలాంటి ఊళ్ళు దానికి ధర చెల్లించాయి. తప్పిన దారి వృథా కాలేదు.

అసలు చోటికి చేరేసరికి సాయంత్రం నాలుగు. ఒడ్డు మీద ఎర్ర గోడలు, నీలం గుమ్మటాల చర్చి. పేరు నెత్తుటి మీది దిమిత్రీ. 1591 మే 15న ఆ పిల్లవాడు పడిపోయిన చోట కట్టారు.

మధ్యాహ్నం వేళ, దాయి కళ్ళ ముందే, మరో నలుగురు పిల్లలతో పెరట్లో కత్తి విసిరే ఆట ఆడుతున్నాడు. మెడ తెగి పోయాడు. తల్లి చంపేశారని కేకలు పెట్టింది. గంట మోగింది. ఊరు ఊరంతా వచ్చి, మాస్కో నుంచి వచ్చిన అధికారి బిత్యగోవ్‌స్కీనీ, మరికొందరినీ చంపింది. మొత్తం 15 శవాలు. నాలుగు రోజులకు విచారణ సంఘం వచ్చింది. దానికి పెద్ద వసీలీ షూయ్‌స్కీ అనే దొర. వంద మందికి పైగా సాక్షులను అడిగి, పిల్లవాడికి మూర్ఛ వచ్చి సొంత కత్తి మీదే పడ్డాడని తేల్చాడు.

"మామయ్యా, 1591 అంటే చార్మినార్ కట్టిన ఏడే కదా?" అన్నాడు మేనల్లుడు. అవును. కులీ కుతుబ్‌షా కొత్త పట్నానికి పునాది వేస్తున్న ఏట, ఇక్కడ ఒక పాత వంశపు చిగురు ఎనిమిదేళ్ళ పిల్లవాడితో నేలరాలింది.

లోపల ఆ గంట వేలాడుతోంది. 300 కిలోల పైచిలుకు. తిరుగుబాటుకు పిలిచిన నేరానికి దాని నాలుక పెరికి, చెవి కోసి, సైబీరియాలోని తొబోల్స్క్‌కు ప్రవాసం పంపారు. ఊరివాళ్ళనూ కుటుంబాలకు కుటుంబాలుగా పంపారు. గంట 1892లో తిరిగొచ్చింది. అసలుది అక్కడ అగ్నిప్రమాదంలో కరిగిపోయిందనీ, ఇది తర్వాత పోసిందనీ కొందరంటారు. దాని ముందు నిలబడితే ఆ తగాదా గుర్తు రాదు. మనుషులను శిక్షించినట్టు కంచును శిక్షించారంటే, ఆ రోజు ఆ మోత మాస్కోలో ఎంత భయం పుట్టించిందో తెలుస్తుంది.

బోరిస్ చంపించలేదనే నేను నమ్ముతాను. దిమిత్రీ తల్లి ఇవాన్‌కు ఆరో భార్యో ఏడో భార్యో, చర్చి ఒప్పుకునేది మూడు పెళ్ళిళ్ళే. ఆ పిల్లవాడి హక్కే బలహీనం. పైగా అప్పటికి ఇరీనాకు పిల్లలు పుట్టే ఆశ ఉంది. మరుసటి ఏడే కూతురు పుట్టింది కూడా, రెండేళ్ళు తిరక్కుండా పోయింది. చెల్లెలి కడుపున వారసుడు పుడితే చాలనుకునే స్థితిలో ఉన్నవాడు ఇంత పని ఎందుకు చేస్తాడు?

ఇక షూయ్‌స్కీ. 1591లో ప్రమాదమన్నాడు. 1605లో మాస్కోలోకి వచ్చిన మాయ దిమిత్రీనే అసలు దిమిత్రీ అన్నాడు, అంటే పిల్లవాడు చావనే లేదన్నమాట. 1606లో ఆ దిమిత్రీని చంపించి తనే జార్ అయ్యాక, అసలు పిల్లవాణ్ణి బోరిస్ హత్య చేయించాడన్నాడు. ఎముకలు మాస్కోకు తెప్పించి, పుణ్యపురుషుణ్ణి చేయించాడు. ఒక్క నోరు, మూడు సాక్ష్యాలు. జనం మనసులో నిలిచింది మూడోది. ఆ షూయ్‌స్కీయే అదే ఏడు బోరిస్ ఎముకలను మర్యాదగా లావ్రాకు చేర్పించాడు కూడా. ఆ నాలుగు పూలు పెట్టిన చోటికి.

రాత్రి ఇంటావిడ పొయ్యి దగ్గర కూర్చోబెట్టి ఊగ్లిచ్ చీజు, రై రొట్టె, ఉప్పులో ఊరిన దోసకాయలు పెట్టింది. బోరిస్ గురించి అడిగితే ఆమె ఏమీ అనలేదు. ఏటా మే 28న ఊళ్ళో పిల్లల పండుగ జరుగుతుందనీ, దిమిత్రీ పేరు మీద చిన్నపిల్లలంతా వస్తారనీ చెప్పింది. ఆమెకు అతను జబ్బుపిల్లలను కాచే స్వామి, అంతే.

సెప్టెంబర్ 15, సోమవారం, దారిలో

పొద్దున సిర్నికీలనే పనీరు అట్లు, పైన నల్ల కర్రంట్ జామ్. బ్యాగులు భుజాన వేసుకున్నాక ఆవిడ ఆపి, ముగ్గుర్నీ బెంచీ మీద కూర్చోమంది. ప్రయాణానికి ముందు అందరూ ఒక నిమిషం మాట్లాడకుండా కూర్చోవాలట. కూర్చున్నాం. గడియారం టిక్కుటిక్కుమంటోంది. తర్వాత ఆమె లేచి మా ఇద్దరికీ శిలువ గుర్తు వేసి పంపింది. యారొస్లావ్ల్ మీదుగా కొస్ట్రొమా చేరేసరికి చీకటి పడింది. ఉఖా అనే వోల్గా చేపల చారు తాగి పడుకున్నాం. గిన్నె 520, చేప ముక్కలు పెద్దవే.

సెప్టెంబర్ 16, మంగళవారం, ఇపాటియెవ్ మఠం

కొస్ట్రొమా నది వోల్గాలో కలిసే చోట తెల్లగోడల మఠం. గొడునోవుల ఇంటి మఠమిది. చేత్ అనే తాతార్ దొర బాప్టిజం పుచ్చుకుని దీన్ని స్థాపించాడనీ, తాము అతని సంతతనీ చెప్పుకునేవాళ్ళు. చరిత్రకారులు అంతగా నమ్మరు. గోడలు మాత్రం వాళ్ళ డబ్బుతో లేచినవే. బోరిస్‌ను చిన్నప్పుడు పెంచిన పినతండ్రి ద్మీత్రీ గొడునోవ్ ఇచ్చిన కానుకలకు లెక్క లేదు. కథీడ్రల్ కింద నేలమాళిగలో ఆ కుటుంబం పెద్దల సమాధులున్నాయి.

పైకి వెళ్తే రొమనోవుల గదులు. పొయ్యికి రంగురంగుల పలకలు, చిన్న కిటికీలు. 1613 మార్చిలో మాస్కో సభ పంపిన దూతలు ఈ మఠానికే వచ్చారు. బోరిస్ సన్యాసులను చేసిన ఆ దంపతుల కొడుకు మిఖయిల్ ఇక్కడ తల్లి మార్ఫాతో తలదాచుకుంటున్నాడు. వయసు 16. జార్ కావాలని అడిగితే తల్లి ఒప్పుకోలేదు. మాస్కో జనానికి నిలకడ లేదంది. బోరిస్‌కు ప్రమాణం చేశారు, అతని కొడుక్కి ద్రోహం చేశారు, ఆ తర్వాతివాళ్ళకూ అదే చేశారంది. నా బిడ్డను ఎలా పంపను అంది.

ఆ చోట చాలాసేపు నిలబడిపోయాను. 1605 జూన్ 10న మాస్కోలో గొంతు నులిమి చంపిన బోరిస్ కొడుకు ఫ్యోదర్ వయసు కూడా 16. గోపురం మీద బంగారు అక్షరాల్లో పేరున్న పిల్లవాడు. అతనికోసం ఆ రోజు ఎవరూ నోరెత్తలేదు. ఎనిమిదేళ్ళ తర్వాత, గొడునోవుల గోడల మధ్య నిలబడి, గొడునోవ్ చేత బలవంతాన సన్యాసిని అయిన ఆడమనిషి అతని చావును గుర్తుచేసింది. ఒక తల్లికి ఇంకో తల్లి కొడుకు గుర్తొచ్చాడు. మార్చి 14న చివరికి సరేనంది. రొమనోవులు 304 ఏళ్ళు ఏలారు.

గదిలో కాపలా కూర్చున్నావిడ ఊలు అల్లుకుంటోంది. నేను అంతసేపు ఒకేచోట నిలబడడం చూసి, ఎక్కడి నుంచి వచ్చారని మేనల్లుణ్ణి అడిగింది. ఇండియా అని చెప్పి, సెర్గియెవ్ పొసాద్‌లో గొడునోవుల సమాధి దగ్గర పూలు పెట్టి వచ్చామని వాడు చెప్పాడు.

అల్లిక ఆపింది. "ఎన్ని?" అంది.

"నాలుగు."

"క్సేనియాకి కూడా పెట్టారన్నమాట" అంది. లేచి, మేం అప్పటిదాకా చూడని పక్క తలుపు తాళం తీసి, నేలమాళిగకు దారి చూపించింది.